పూఅర్ టీ: షెంగా, షూనా?

చైనాలోని యున్నాన్ రాష్ట్రపు పూఅర్ టీ కొనబోయేవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్న ఇదే. షెంగ్ అంటే పచ్చిది, షూ అంటే మగ్గబెట్టినది. రెండిటికీ ఆకు ఒకటే: యున్నాన్ పెద్దాకు, ఎండలో ఆరబెట్టినది. షెంగ్‌ను ఆవిరిపట్టి బిళ్ళగా నొక్కి వదిలేస్తారు, మిగతా పని ఏళ్ళే చేస్తాయి. షూ ఆకును కుప్పపోసి, నీళ్ళు చల్లి, కప్పెట్టి, మధ్యమధ్య తిరగేస్తూ 45–60 రోజులు పులియబెడతారు. 1970లలో యున్నాన్‌లోని కున్‌మింగ్, మెంగ్‌హైల్లో కుదిరిన పద్ధతి ఇది. ముసలి షెంగ్ రుచి త్వరగా రప్పించడానికే.

రుచి మీద ఎంత వాదులాడుకున్నా, అసలు తేల్చేది మీ ఇంటి గాలి. షెంగ్ చక్కగా మారాలంటే తేమ 60–70 శాతం, వేడి 20–30 డిగ్రీలు ఉండాలి. తేమ 75 దాటి నిలిచిందంటే బూజే. మరీ పొడిగా ఉంటే పదేళ్ళకీ చేదు, వగరు తగ్గవు. పొడిగాలి కున్‌మింగ్‌లో నిల్వచేసిన బిళ్ళ, తేమగాలి గ్వాంగ్‌డాంగ్‌లో నిల్వచేసిన దానికన్నా కుర్రదిగా ఉండేది అందుకే. విశాఖలో వానాకాలం గండం, హైదరాబాద్‌లో ఎండాకాలం గండం. పైగా ఆకు వాసనలు పీల్చేస్తుంది, ఇంగువ పోపుతో సహా. కాబట్టి వంటింట్లో వద్దు, ఫ్రిజ్‌లో వద్దు, ప్లాస్టిక్‌లో బిగించొద్దు. కాగితం విప్పకుండా అట్టపెట్టెలో పెట్టి, పక్కన తేమ మీటరు ఉంచండి.

ఇంత కాపలా కాయలేనివాళ్ళకు షూయే మేలు. కొత్త షూలో చేపల వాసనలాంటి కుప్పవాసన ఉంటుంది, గాలి తగిలితే ఏడాది రెండేళ్ళకు పోతుంది. అందుకే మూడు నుంచి ఐదేళ్ళ సరుకు అడగండి. ఇరవయ్యేళ్ళ షెంగ్ అని చవగ్గా అమ్మితే మాత్రం నమ్మకండి.

కాచేటప్పుడు 100 మిల్లీలీటర్ల నీళ్ళకు 6 గ్రాముల ఆకు. షూకి సలసల మరిగే నీళ్ళు. రెండుసార్లు కడిగి పారబోసి, పది సెకన్లు నాననిచ్చి వంపండి. కుర్ర షెంగ్‌కి 90 డిగ్రీలు, ఒక కడుగు, ఐదు సెకన్లు. నిమిషం వదిలేశారా, వేపాకు కషాయమే. పాలు పోస్తే షూ తట్టుకుంటుంది, షెంగ్ విరసమైపోతుంది.

చైనాలోనే గ్వాంగ్‌షీలో చేసే ల్యూబావో టీ షూకి దగ్గరి చుట్టం, దొరికితే తాగి చూడండి. హునాన్‌లో ఇటుకలా నొక్కి చేసే ఫూ టీలో పసుపు చుక్కలు కనిపిస్తే కంగారొద్దు, అవి కావాలనే పెంచిన శిలీంధ్రం.

ఏదైనా ముందు 25 గ్రాముల నమూనా తెప్పించుకోండి. 357 గ్రాముల బిళ్ళ తర్వాత.