డబ్బింగ్ డైలాగు సాగదీయడానికి రీపర్: ఆరేళ్లు వాడాక

చెన్నై సాలిగ్రామంలో ఒక చిన్న గదిలో తమిళ సీరియళ్ల తెలుగు డబ్బింగ్ ఎడిట్ చేస్తుంటాను. ఆరేళ్లుగా పనంతా రీపర్ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే. దాంట్లో డైలాగు నిడివి మార్చే పని గురించి మాత్రమే రాస్తున్నాను, నా రోజులో సగం దానికే పోతుంది. తమిళ నటుడి నోరు మూతపడ్డాక కూడా మన తెలుగు వాక్యం రెండు మూడు అక్షరాలు మిగిలి ఉంటుంది. ప్రతిసారీ ఆర్టిస్టును మళ్లీ పిలవలేం.

ఆల్ట్ నొక్కి క్లిప్ అంచు లాగితే నిడివి మారుతుంది, శ్రుతి మారదు. మొదటి ఏడాదంతా నేను చేసింది ఇదే. ఒకరోజు ఒక సీనియర్ ఆర్టిస్టు, అందరం అమ్మగారు అని పిలుస్తాం, తన సీను విని "నేను కల్ల అన్నాను కదయ్యా, కల అని వినబడుతోందేంటి?" అన్నారు. నిజమే. లైను మొత్తాన్ని 1.2 రేటుకు, అంటే 1.2 రెట్ల వేగానికి కుదించాను. ఒత్తు పలచబడిపోయింది, అబద్ధం కాస్తా స్వప్నమైంది. చాలా సిగ్గుపడ్డాను.

ఆ రాత్రి ఎఫ్2 నొక్కి ఐటమ్ ప్రాపర్టీస్‌లో (రీపర్‌లో క్లిప్‌ను ఐటమ్ అంటారు) టైమ్ స్ట్రెచ్ మోడ్‌లన్నీ ఒక్కొక్కటిగా అదే లైను మీద పెట్టి విన్నాను. ఎలాస్టిక్ ప్రో అనే మోడ్ పాటకి, కోరస్‌కి, వాయిద్యాలు కలిసి మోగేచోట హాయిగా ఉంది. ఒక్క గొంతు మాటకి సోలోయిస్ట్ మోడ్, అందులోనూ స్పీచ్ ఎంచుకుంటే తేడా వెంటనే తెలిసింది. ఒకే గొంతులో అచ్చు పలికేటప్పుడు దాదాపు ఒకే ఆకారం గల అలలు వరసగా వస్తాయి, కొన్నిటిని తీసినా, కొన్నిటిని మళ్లీ వాడినా చెవికి అతుకు తెలియదు. వెనక ఫ్యాన్ మోతో ఇంకొకరి గొంతో కలిస్తే ఆ లెక్క చెడిపోతుంది. అందుకే రికార్డింగ్‌లో ఏసీ ఆపేయమని పట్టుబడతాను.

అసలు మేలు చేసింది స్ట్రెచ్ మార్కర్లు, అంటే క్లిప్‌లో కావలసిన ముక్కను మాత్రమే సాగదీయడానికో కుదించడానికో పెట్టే గుర్తులు. షిఫ్ట్‌తో డబ్ల్యూ నొక్కితే కర్సర్ దగ్గర ఒకటి పడుతుంది. ముందు మాటల మధ్య ఖాళీలు తగ్గిస్తాను, చాలాసార్లు అక్కడే పని అయిపోతుంది. ఇంకా మిగిలితే దీర్ఘానికి అటూ ఇటూ మార్కర్లు పెట్టి ఆ అచ్చును మాత్రమే కదుపుతాను. క, ట, ప లాంటి హల్లుల జోలికి వెళ్లను. ఆ చిన్న పేలుడు శబ్దం సాగిందంటే మాట మెత్తబడిపోతుంది. దీర్ఘాన్ని కూడా మరీ నొక్కకూడదు, "పాలు" పోయి "పలు" మిగులుతుంది. నా చెవికి 0.92 నుంచి 1.08 వరకే సహజం.

ఇంకో సంగతి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25కి పరుగెత్తించిన కాపీ వస్తే శ్రుతి ముప్పావు సెమిటోన్ (పక్కపక్క స్వరాల మధ్య అతి చిన్న దూరం) దాకా పెరిగి ఉంటుంది. దానికి రేటు 0.96 పెట్టి, శ్రుతిని మారకుండా ఉంచే ప్రిజర్వ్ పిచ్ టిక్ తీసేయండి. శ్రుతి, వేగం రెండూ అసలు చోటికి వస్తాయి.

రీపర్‌ని 60 రోజులు వాడి చూసి కొనుక్కోవచ్చు. రాయితీ లైసెన్సు 60 డాలర్లు, నాలాంటి గది స్టూడియోకి అది పెద్ద ఊరట.

ఇప్పుడు రేటు 1.08 దాటితే సాఫ్ట్‌వేర్‌ని ఇబ్బంది పెట్టను, రచయితకు ఫోన్ చేస్తాను. మొన్న "చెప్పలేకపోతున్నాను"ను "చెప్పలేను" చేసి ఇచ్చారు. మార్కరే అవసరం పడలేదు.