డ్రోన్‌కి చలువ కళ్లద్దాలు: ఎన్‌డీ ఫిల్టర్ల సెట్ వాడి చూశాక

పోయిన ఏడాది మామిడి కోతలప్పుడు శ్రీనివాసపురంలో మా బావమరిది తోట మీద డ్రోన్ ఎగరేసి వీడియో తీశాను. రాత్రి టీవీలో పెట్టి చూస్తుంటే అతను అడిగాడు: "బావా, ట్రాక్టరు ఎందుకిట్ల ఎగిరెగిరి పడతా ఉంది? దారి బాగానే ఉండాది కదా?"

తప్పు దారిది కాదు, ట్రాక్టరుదీ కాదు. నా డ్రోన్ లెన్స్‌కి ఎపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే కంత) ఎఫ్/2.8 ఒక్కటే, మార్చడానికి వీల్లేదు. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100కి దించినా, ఆ మధ్యాహ్నపు ఎండకి షట్టరు సెకనులో 1/3200 వంతుకి వెళ్లిపోయింది. అంత వేగంలో ప్రతి ఫ్రేములోనూ చక్రం కదలకుండా నిలబడిపోతుంది. ఆ ఫ్రేములు వరసగా ఆడినప్పుడు కదలిక తునకలు తునకలుగా కనిపిస్తుంది. సెకనుకు 25 ఫ్రేములు తీస్తుంటే షట్టరు 1/50 దగ్గర ఉండాలి, అప్పుడే కంటికి సాఫీగా ఆడుతుంది. కానీ ఆ ఎండలో 1/50 పెడితే బొమ్మంతా తెల్లగా మాడిపోతుంది. లెన్స్‌కి అడ్డంగా నల్ల గాజు పెట్టడం తప్ప దారి లేదు. దాన్నే ఎన్‌డీ ఫిల్టరు అంటారు.

బెంగళూరు వచ్చాక ఎస్పీ రోడ్డులో ఒక దుకాణంలో ఎన్‌డీ 8, 16, 32, 64 నాలుగూ ఉన్న సెట్ 2,400 రూపాయలకు కొన్నాను. ఈ ఏడాది కోతలన్నీ వాటితోనే తీశాను.

ఎన్‌డీ పక్కన ఉన్న అంకె, వెలుగు ఎన్నో వంతుకి తగ్గుతుందో చెబుతుంది. 3200ని 64తో భాగిస్తే 50, కాబట్టి మిట్టమధ్యాహ్నం 64 పెట్టాలి. ఉదయం ఏడింటికి ఫిల్టరు లేకుండా 1/800 చూపించింది, 16 బిగించాను. ఫిల్ము కెమెరాతో ఫొటోలు నేర్చుకున్నవాణ్ణి, ఈ లెక్క చేతికి వచ్చాక ప్రాణం లేచివచ్చింది. అన్నిటికంటే పెద్ద లాభం, ఇక వెలుగుని కెమెరాయే సర్దుకునే ఆటో మోడ్‌ని నమ్ముకోనక్కర్లేదు. ఆటోలో ఉంటే చెట్ల మీంచి ఆకాశం వైపు కెమెరా ఎత్తగానే షాటు మధ్యలో తోట చీకటైపోతుంది. మాన్యువల్‌లో షట్టరు, ఐఎస్ఓ రెండూ కట్టేస్తే ఆ ఊగిసలాట ఉండదు. ఎండలో ఫోన్ స్క్రీన్‌ని మాత్రం నమ్మకండి, హిస్టోగ్రాం (బొమ్మలో చీకటిని ఎడమవైపు, వెలుగుని కుడివైపు చూపే గ్రాఫు) చూడండి. గీత కుడి అంచుకి గుద్దుకుంటే మబ్బుల వివరం పోయినట్టే, అది తర్వాత ఎడిటింగ్‌లో రాదు. కాస్త చీకటిగా తీస్తే నీడల్ని ఎంతో కొంత లేపుకోవచ్చు.

ఇక లోపాలు. 64 గాజు ఆకుపచ్చ ఛాయ వేస్తుంది. తోట మీద తెలియదు గానీ, తెల్ల పంచె కట్టిన మనిషి కనిపించగానే తెలిసిపోతుంది. వైట్ బ్యాలెన్స్‌ని (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే సెట్టింగు) 5500 కెల్విన్ దగ్గర కట్టేసి, తర్వాత ఎడిటింగ్‌లో సరిచేసుకోవాల్సి వచ్చింది. 8, 16 రెండూ శుభ్రంగా ఉన్నాయి. 32 రింగు వదులుగా ఉంటే దుకాణదారు గొణిగాడు గానీ మార్చి ఇచ్చాడు. కొనేటప్పుడు అక్కడే బిగించి చూసుకోండి. కెమెరాని కుదుపుల్లేకుండా పట్టుకునే గింబల్ సున్నితమైంది, డ్రోన్ ఆపేసి ఉన్నప్పుడే ఫిల్టరు బిగించాలి, ఆన్ చేశాక చెయ్యి పెట్టకూడదు. గాలిలో ఉండగా మబ్బు పట్టిందంటే కిందికి దించి మార్చుకోవడమే. నా బ్యాటరీల్లో సగం టైము దానికే పోయింది.

ఫొటోలకి ఈ ఖర్చు అక్కర్లేదు. ఫొటోలో ఆకు కదలకుండా నిలవాలి కాబట్టి 1/3200 మంచిదే. ఫిల్టరు తీసేసి, రా (ముడి ఫైలు) ఫార్మాట్‌లో, ఏఈబీ (కెమెరాయే వెలుగు మార్చి వరసగా తీసే పద్ధతి) పెట్టి తక్కువ, సరిపడా, ఎక్కువ వెలుగుతో మూడు తీసి కలుపుకుంటే ఆకాశమూ తోటా రెండూ దక్కుతాయి.

కొని ఇంటికి రాగానే మేడ మీద ఎగరేసి చూడాలనిపిస్తుంది. మా కె.ఆర్.పురం హెచ్ఏఎల్ విమానాశ్రయానికి దగ్గర, ఇక్కడ నేను పెట్టెలోంచి కూడా తీయను. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో ఆకుపచ్చ జోన్ (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు) అని చూసుకున్నాకే తోటలో లేపాను.

విడిగా అమ్మితే 16, 64 కొనుక్కోండి, ఎఫ్/2.8 డ్రోన్‌కి అవి చాలు. ఎపర్చర్ ఇంకా పెద్దది, ఎఫ్/1.7 ఉన్న డ్రోన్ అయితే మధ్యాహ్నపు ఎండకి 64 కూడా చాలదు, 128 ఉందేమో అడగండి.