సికారియోనా, ట్రాఫికా: ముందు ఏది చూడాలి?

డ్రగ్స్ దందా మీద గట్టి క్రైమ్ థ్రిల్లర్ కావాలని వెతికేవాళ్ళు ఎక్కడెక్కడో తిరిగి చివరికి రెండు పేర్ల దగ్గరికే వస్తారు. ఒకటి స్టీవెన్ సోడర్‌బర్గ్ తీసిన ‘ట్రాఫిక్’ (2000), ఇంకొకటి డెనీ విల్నవ్ తీసిన ‘సికారియో’ (2015). ఆ వెంటనే వచ్చే ప్రశ్న కూడా ఎప్పుడూ ఒకటే: ఏది మేలు? ఒక్క రాత్రే ఖాళీ ఉంటే ఏది పెట్టుకోవాలి?

పైకి రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. రెండూ అమెరికా–మెక్సికో సరిహద్దు కథలే. రెండింట్లోనూ బెనీసియో డెల్ టోరో ఉన్నాడు. రెండూ మెక్సికోలో పిల్లలు ఆడుకునే మైదానంలోనే ఆగుతాయి, ఒకచోట బేస్‌బాల్, ఇంకోచోట ఫుట్‌బాల్. తేడా అంతా ఒక్కదాని దగ్గర ఉంది: చూసేవాడికి దర్శకుడు ఏ సంగతి ఎప్పుడు తెలియనిస్తాడు? రక్తపాతం, నటన, కెమెరా అన్నీ దాని తర్వాతే వస్తాయి. థ్రిల్లర్‌ని నిలబెట్టేదీ పడగొట్టేదీ అదే అని నా గట్టి నమ్మకం.

‘ట్రాఫిక్’ అన్నీ విప్పి చెబుతుంది. మూడు కథలు పక్కపక్కన నడుస్తాయి. మెక్సికో సరిహద్దు ఊరు టిహువానాలో హవియెర్ (డెల్ టోరో) అనే పోలీసు. ఒహాయో నుంచి వాషింగ్టన్‌కు వెళ్ళి మాదకద్రవ్యాల మీద దేశమంతటి పోరుకు పెద్దగా కూర్చోబోతున్న జడ్జి, మత్తుకు బానిసైన ఆయన కూతురు. శాన్ డియేగోలో భర్త అరెస్టయ్యాక ఇంటికి డబ్బు ఎక్కడినుంచి వచ్చేదో తెలుసుకునే గర్భిణి. మూడింటికీ మూడు రంగులు: మెక్సికో ఎండకు మాడిన పసుపు, జడ్జి కథ చల్లని నీలం, శాన్ డియేగో మామూలు వెలుతురు. తెర మీద రంగు మారగానే ఏ ఊళ్ళో ఉన్నామో అర్థమైపోతుంది, పేర్లు గుర్తుపెట్టుకునే భారం తగ్గుతుంది. కెమెరా పట్టింది కూడా సోడర్‌బర్గే, పీటర్ ఆండ్రూస్ అన్న మారుపేరుతో.

ఈ సినిమా బలం వ్యాపారాన్ని వ్యాపారంలా చూపించడం. మొదటి సన్నివేశమే చూడండి. ఎడారి రోడ్డు మీద హవియెర్, అతని జోడీదారు కలిసి సరుకుతో వస్తున్న బండిని పట్టుకుంటారు. కాసేపటికే ఒక సైనిక జనరల్ తన మనుషులతో వచ్చి, శభాష్ అని మెచ్చుకుని, బండినీ సరుకునీ మనుషులనూ తీసుకుపోతాడు. రోడ్డు మీద ఇద్దరు పోలీసులు చేతులు ఊపుకుంటూ మిగిలిపోతారు. పట్టుకున్న సరుకు ఎవరి చేతికి పోతుందన్న ప్రశ్న అక్కడ మొదలై చివరిదాకా వదలదు. నిజ జీవితంలోనూ మెక్సికో మాదకద్రవ్య నిరోధక విభాగానికి అధిపతిగా ఉన్న జనరల్ హెసూస్ గుటియెర్రెస్ రెబోయో, సరిహద్దు నగరం హువారెస్‌ను ఏలే డ్రగ్స్ ముఠా (కార్టెల్) నాయకుడితో చేతులు కలిపాడని 1997లో అరెస్టయ్యాడు. ఆ వార్త తెలిసినవాళ్ళు సినిమాలోని జనరల్ పాత్ర ఎటు పోతుందో ముందే పసిగడతారు. పసిగట్టినా నష్టం లేదు, ఎందుకంటే ఈ సినిమా ఆసరా రహస్యం మీద లేదు.

దీని బలహీనత జడ్జి కూతురి కథ. మిగతా రెండూ కళ్ళముందు జరుగుతున్నట్టుంటే, ఇది మాత్రం తల్లిదండ్రులను హెచ్చరించడానికి రాసినట్టు ఉంటుంది. పైగా నిడివి 147 నిమిషాలు. మొదటి అరగంటలో ఎవరు ఎవరికి ఏమవుతారో అంతుపట్టదు. చాలామంది వదిలేసేది అక్కడే. ఆ అరగంట ఓపిక పట్టినవాళ్ళు ఇక లేవరు. దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్, సహాయ నటుడు (డెల్ టోరో) విభాగాల్లో 4 ఆస్కార్లు వచ్చాయి. మూడు కథలను ఎక్కడా చిక్కుపడకుండా కుట్టిన ఆ ఎడిటింగ్‌కు మాత్రం ఇంకో ఆస్కార్ ఇచ్చినా తక్కువే.

‘సికారియో’ దారి దీనికి పూర్తిగా ఎదురు. ఇక్కడ ఎఫ్‌బీఐ ఏజెంట్ కేట్‌కు (ఎమిలీ బ్లంట్) తెలిసిందే మనకూ తెలుస్తుంది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పరు. ఎక్కడికి వెళ్తున్నారో ఒకటి చెబుతారు, అసలు పని ఇంకోచోట ఉంటుంది. పక్కన కూర్చున్న అలెహాండ్రో (డెల్ టోరో) ఎవరి మనిషో తెలియదు. అసలు ఆమెను ఈ పనికి ఎందుకు ఎంచుకున్నారో సగం దాటాక గానీ బయటపడదు.

ఈ పద్ధతి ఎంత బాగా పనిచేస్తుందో హువారెస్ ప్రయాణంలో తెలుస్తుంది. గిల్యెర్మో అనే ఖైదీని తీసుకురావడానికి నల్లటి ఎస్‌యూవీల వరస అమెరికా వైపున్న ఎల్ పాసో నుంచి సరిహద్దు దాటుతుంది. పోతున్నప్పుడు వంతెన కింద వేలాడదీసిన శవాలు కనిపిస్తాయి, బండి ఆగదు. ఖైదీని ఎక్కించుకుని తిరిగొస్తుంటే సరిహద్దు చెక్‌పోస్టు ముందు ట్రాఫిక్ స్తంభించిపోతుంది. అటూ ఇటూ మామూలు కార్లు, పిల్లాపాపలతో ఇళ్ళకు పోయే జనం. ఆ మధ్యలో ఒక కారు అద్దం వెనక పచ్చబొట్ల మనిషి, ఒళ్ళో తుపాకీ. ఎస్‌యూవీల్లో ఉన్నవాళ్ళందరూ ఆ కారునే చూస్తుంటారు. ఎవరూ కదలరు. అవతలివాడు కదిలేదాకా కాల్చకూడదన్నది నియమం. ఈ నిరీక్షణనే విల్నవ్ సాగదీస్తాడు. కాల్పులు మొదలయ్యాక మాత్రం కొన్ని సెకన్లలో అంతా అయిపోతుంది. చాలా సినిమాలు సరిగ్గా ఇక్కడే బోల్తా కొడతాయి: ఎదురుచూపును రెండు షాట్లలో ముగించి, కాల్పులను పది నిమిషాలు పెడతాయి. ప్రేక్షకుడు తూటాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాక భయం పోతుంది.

ఆ సన్నివేశంలో ఇంకో చిన్న ముక్క ఉంది. కేట్ కారు దిగదు. పక్క అద్దంలో వెనకనుంచి ఒక పోలీసు యూనిఫాం దగ్గరకొస్తూ కనిపిస్తుంది. యూనిఫాం కాబట్టి మనవాడా? చేతిలో తుపాకీ ఉంది కాబట్టి కాదా? ఆ క్షణంలో ఆమె ఏం చేయాలో అదే మన ప్రశ్న కూడా అవుతుంది.

హింస విషయంలోనూ ఇదే లెక్క. మొదటి దాడిలో కేట్‌కు గురిపెట్టిన షాట్‌గన్ దెబ్బ ఆమెను తప్పి గోడకు తగులుతుంది, ఆ కన్నంలోంచే గోడ లోపల దాచిన శవాలు బయటపడతాయి. చంపడం మనకు చూపించరు, చంపిన తర్వాత మిగిలింది చూపిస్తారు. విచారణ గదిలోకి అలెహాండ్రో పెద్ద నీళ్ళ క్యాన్ మోసుకొచ్చి పెడతాడు, కెమెరా నేల మీద నీళ్ళు పోయే జాలీ వైపు పోతుంది. అంతే, మిగతాది మన ఊహకే. జాలీ మీద నిలిచిన ఆ చూపు ఏ రక్తపు మడుగుకన్నా ఎక్కువ భయపెడుతుంది. రోజర్ డీకిన్స్ ఛాయాగ్రహణానికి, యోహాన్ యోహాన్సన్ సంగీతానికి ఆస్కార్ నామినేషన్లు ఊరికే రాలేదు.

లోపం లేదా అంటే ఉంది. సరుకు ఎక్కడ తయారవుతుంది, ధర ఎక్కడ ఎంత పెరుగుతుంది, దొంగ డబ్బును ఎలా తెల్లడబ్బుగా మారుస్తారు అన్నది తెలుసుకోవాలని కూర్చుంటే ‘సికారియో’ పెద్దగా ఏమీ చెప్పదు. సిల్వియో అనే మెక్సికన్ పోలీసు ఇల్లు, భార్య, కొడుకు ముక్కలు ముక్కలుగా కనిపిస్తారు తప్ప ఆ పక్క మనుషుల గోడు వినపడదు. హువారెస్‌లో 2010లో 3,000కు పైగా హత్యలు జరిగిన మాట నిజమే. 2015 నాటికి అవి బాగా తగ్గాయి. తమ ఊరిని ఇంకా నరకంలాగే చూపించారని అప్పటి మేయర్ సినిమాను బహిష్కరించమన్నాడు. ఆయన బాధలో న్యాయం ఉంది.

అయినా ఒక్క రాత్రే ఉంటే నా ఓటు ‘సికారియో’కే. 121 నిమిషాల్లో అనవసరమైన సన్నివేశం దొరకదు. ట్రైలర్ చూడొద్దు, కథ చదవొద్దు. తెలియకపోవడమే దాని ఇంధనం.

రెండు రాత్రులుంటే మాత్రం ‘ట్రాఫిక్’ ముందు పెట్టుకోండి. కారణం డెల్ టోరో. హవియెర్‌గా అతని అలసిన కళ్ళు, తక్కువ మాటలు, ఊరి పిల్లల మీద అతని బెంగ చూశాక ఆ ముఖాన్ని మనం నమ్ముతాం. మర్నాడు అదే ముఖం అలెహాండ్రోగా వస్తే ఆ నమ్మకం కూడా వెంట వస్తుంది. విల్నవ్ దాన్ని ఏం చేశాడో చూడాల్సిందే.

మిగతావి క్లుప్తంగా. ‘స్కార్‌ఫేస్’ (1983) ఒక మనిషి ఎదుగుదల, పతనం. అల్ పచీనో కోసం చూడొచ్చు, దందా కోసం కాదు. ‘సిటీ ఆఫ్ గాడ్’ (2002) గొప్ప సినిమా, కానీ అది రియో బస్తీ పిల్లల కథ, ఈ పోటీలోకి రాదు. మనకు దగ్గరివాటిలో తెలుగు డబ్బింగ్‌లోనూ వచ్చిన కార్తి ‘ఖైదీ’ (2019) ఒక్క రాత్రి కథ, పాటల్లేవు, 900 కిలోల కొకైన్ చుట్టూ పరుగు. ఊపు కావాలంటే అదే. ‘సికారియో’ రెండో భాగం (2018)లో కేట్ లేదు, విల్నవ్ లేడు. తొందరేం లేదు.

ఇక పెట్టుకునే ముందు. రెండింట్లోనూ స్పానిష్ సంభాషణలున్నాయి, ‘ట్రాఫిక్’లో మూడో వంతు కథ దానిమీదే నడుస్తుంది. సబ్‌టైటిల్స్ పనిచేస్తున్నాయో లేదో మొదటి పది నిమిషాల్లోనే చూసుకోండి. టీవీలో రంగులు గాఢం చేసే వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్ పెట్టండి, లేకపోతే ‘ట్రాఫిక్’ పసుపు కళ్ళల్లో గుచ్చుకుంటుంది. ఆ పసుపు టీవీ లోపం కాదు, రంగులు సరిచేయకండి. కదలికలను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ కూడా ఆపేయండి, అది ఉంటే చేతిలో పట్టి తీసిన కెమెరా సీరియల్‌లా కనిపిస్తుంది. ‘సికారియో’కు హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, ఆ సంగీతంలో అడుగున మోగే గరగర మామూలు టీవీ స్పీకర్లలో సగం పోతుంది. గదిలో లైట్లు ఆర్పేయండి. ‘సికారియో’లో ఒకచోట సొరంగంలోకి దిగే ముందు సాయంత్రపు ఆకాశం కింద సైనికుల నీడలు ఒక్కొక్కటిగా చీకట్లో మునిగిపోతాయి. ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే అక్కడ తెర మీద మీ ముఖమే కనిపిస్తుంది.