విజయవాడ సింగ్‌నగర్‌లో 20 ఏళ్ళుగా వాయిస్తున్న యమహా ఎఫ్310 గిటార్

ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పడం నా పని. సాయంత్రం ఇంటికొచ్చి కాఫీ తాగాక అరగంట గిటార్. 2005 నుంచి ఇదే అలవాటు, ఇదే గిటార్. కొనమంటారా అని అడిగేవాళ్ళకు కొనమనే చెబుతాను. కాకపోతే కొన్న వారంలోపే తీగల ఎత్తు చూపించుకోండి అని కూడా చెబుతాను.

దీనికి ముందు నా దగ్గర ఒక చౌక గిటార్ ఉండేది. ఎఫ్ కార్డు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్టు) పట్టలేక ఆరు నెలలు నా వేళ్ళనే తిట్టుకున్నాను. మనకు సంగీతం రాసిపెట్టి లేదనుకుని మంచం కింద పెట్టేశాను. ఒకరోజు గవర్నర్‌పేటలో వాయిద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన దాని 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గర స్కేలు పెట్టి చూశారు. తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 4 మిల్లీమీటర్ల పైనే ఉంది. "తప్పు మీ వేళ్ళది కాదండీ, తీగలు లేచిపోయి ఉన్నాయి" అన్నారు. నాతోపాటు మొదలుపెట్టిన ముగ్గురు స్నేహితులు అప్పటికే మానేశారు. వాళ్ళకు ఈ మాట చెప్పినవాళ్ళు లేకపోయారని ఇప్పటికీ బాధపడతాను.

లావు తీగ దగ్గర 2.5, సన్న తీగ దగ్గర 2 మిల్లీమీటర్లు ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. ఎత్తు ఎక్కువైతే నొప్పి ఒక్కటే కాదు, శ్రుతి కూడా తప్పుతుంది. అంత కిందికి నొక్కేసరికి తీగ సాగి స్వరం పైకి పోతుంది. తగ్గించడం పదో తరగతి సరూప త్రిభుజాల లెక్క. ఎఫ్310లో తీగ పొడవు 634 మిల్లీమీటర్లు, 12వ ఫ్రెట్ సరిగ్గా సగంలో, 317 దగ్గర ఉంటుంది. అందుకే అక్కడ 1 మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ (కింది కొసన తీగలు ఆనే చిన్న పట్టీ) అడుగున 2 మిల్లీమీటర్లు అరగదీయాలి. కొద్దికొద్దిగా అరగదీసి, మళ్ళీ తీగలు బిగించి చూసుకోవాలి. ఎక్కువ తీసేస్తే కొత్త శాడిల్ కొనాల్సిందే. ఆ పెద్దాయన దగ్గర కూర్చుని ఈ పని నేర్చుకున్నాను. తర్వాత 12 సైజు తీగల సెట్టు మాని అంతకన్నా సన్నని 11 సైజుకి మారాను. వేళ్ళకి ఇంకా సుఖం, శబ్దం ఒక పిసరు పలచబడింది, అంతే.

ఇక విజయవాడ వాతావరణం. గిటార్‌కి 45 నుంచి 55 శాతం తేమ మంచిదంటారు, మన ఊళ్ళో అది ఎన్నాళ్ళుంటుంది? మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరిన రోజున కారులో మాత్రం వదిలేయకండి. ఆరు తీగలూ కలిపి 60 కిలోలకు పైగా బిగువుతో లాగుతుంటాయి, ఆ వేడికి జిగురు మెత్తబడితే బ్రిడ్జి (శాడిల్‌ని పట్టుకుని ఉండే చెక్క) లేచిపోతుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి తీగలు పైకొస్తాయి. సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచుతాను. చెమటకీ తేమకీ తీగలు తుప్పు పడతాయి కాబట్టి వాయించాక పొడి గుడ్డతో తుడవడం తప్పనిసరి.

ఎఫ్310 పైచెక్క ఒకే పలక కాదు, పొరలు అతికించిన స్ప్రూస్ చెక్క. ఒకే పలకతో చేసిన వాటి నాదం ఇంకా బాగుంటుంది, విన్నాను, ఒప్పుకుంటాను. కానీ తేమ మార్పులకు పొరల చెక్కే బాగా ఓర్చుకుంటుంది. అదెంత నిజమో 2024 సెప్టెంబరులో చూశాను. బుడమేరు పొంగి మా వీధంతా మునిగింది. అమ్మని తీసుకుని ఇల్లు వదిలే ముందు గిటార్‌ని అటక మీదికి ఎక్కించాను. నీళ్ళు తీసి ఇంటికొచ్చేసరికి గోడలన్నీ బూజు. గిటార్ తీగలు 3 మిల్లీమీటర్లు దాటి లేచాయి. చేయి పెట్టకుండా తీగలు వదులు చేసి, ఫ్యాను గాలి తగిలేచోట నీడలో ఉంచాను. సంక్రాంతికి దానంతటదే పాత కొలతకు వచ్చింది. ఎక్కడా పగుళ్ళు లేవు. ఆ రోజు మళ్ళీ జీ కార్డు మోగితే ఇల్లు తిరిగి మాదైనట్టు అనిపించింది.

అమ్మ చిన్నప్పుడు విజయవాడ రేడియోలో భక్తిరంజని వింటూ పెరిగింది. ఆమెది ఐదున్నర శ్రుతి, అంటే గిటార్ లెక్కలో జీ షార్ప్. కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) మొదటి ఫ్రెట్ దగ్గర బిగించి జీ కార్డు పట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది. భజన పాటలకు కార్డులు వేస్తే ఆనందంగా పాడుతుంది. కీర్తన ఎత్తుకుంటే మాత్రం "గమకం ఏదిరా?" అంటుంది. స్వరాన్ని ఊపే ఆ గమకాన్ని గిటార్ మీద తీగను పక్కకు లాగి కొంతవరకు తేగలను, వీణ మీద పలికినంత లోతు రాదు. కర్ణాటక సంగీతం కోసమే గిటార్ కొనేవాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి.

ఇన్నేళ్ళకు మొదటి మూడు ఫ్రెట్ల మీద సన్న తీగల కింద గాట్లు పడ్డాయి, సీ కార్డులో చిన్న గరగర వస్తోంది. వేసవి సెలవుల్లో ఆ మూడూ మార్పించాలి. అప్పటిదాకా కాపో పెట్టే వాయిస్తున్నాను.