పీఆర్ఆర్ఎస్‌కు ఏ టీకా మేలు: సజీవమా, నిర్జీవమా?

పందుల్లో గర్భస్రావాలనూ, శ్వాస ఇబ్బందులనూ తెచ్చే వైరస్ జబ్బు పీఆర్ఆర్ఎస్ గురించి రాసినప్పుడల్లా ఒకటే ప్రశ్న: “చంపిన వైరస్‌తో చేసిన టీకా ఉండగా, బతికున్న వైరస్‌ను మందలోకి ఎక్కించడం ఎందుకు?” ఆ భయం ఊరికే పుట్టలేదు. 1996లో డెన్మార్క్‌లో సజీవ టీకాలోని బలహీనపరచిన వైరస్ టీకా వేయని మందలకూ పాకి, పాత తీవ్రతను తిరిగి తెచ్చుకొని, చూడి పందుల్లో గర్భస్రావాలకు కారణమైంది. నిర్జీవ టీకాతో ఈ బెడద లేదు.

అయినా నా మొగ్గు సజీవ టీకా వైపే. ఈ వైరస్ చొరబడేది ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్‌లలోకి, అంటే క్రిములను మింగాల్సిన కావలి కణాల్లోకే. చేరగానే టైప్-1 ఇంటర్‌ఫెరాన్ల, అంటే వైరస్ వచ్చిందని చుట్టుపక్కల కణాలను హెచ్చరించే ప్రొటీన్ల, ఉత్పత్తిని అణచివేస్తుంది. తొలి హెచ్చరిక నీరుగారితే తక్కిన రక్షణ అంతా ఆలస్యమే. ఒకటి రెండు వారాల్లో యాంటీబాడీలు కనిపిస్తాయి గానీ, వాటిలో ఎక్కువ భాగం వైరస్ లోపలి ఎన్ ప్రొటీన్‌కు అతుక్కునేవే, వైరస్‌ను ఆపలేవు. ఆపగలిగేవి రావడానికి నాలుగు వారాలో, అంతకు మించో పడుతుంది. పైపొరలోని జీపీ5 ప్రొటీన్ తన కీలక భాగాలను చక్కెర గొలుసులతో కప్పుకోవడం ఇందుకు ఒక కారణం. రక్తంలో యాంటీబాడీలను వెతికే ఎలైసా పరీక్షలో పాజిటివ్ చూసి టీకా పట్టిందని సంబరపడేవారు ఇది గమనించాలి. పంది శరీరానికి ఆ వైరస్ పరిచయమైందని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది.

నా దృష్టిలో తేల్చేది వైరస్‌తో పోరాటానికి తోడ్పడే గామా ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను స్రవించే టీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు). కణం లోపల వైరస్ పెరిగితేనే అవి బాగా తయారవుతాయి. చచ్చిన వైరస్ పెరగదు కదా! సజీవ టీకా కూడా సోకకుండా ఆపదు. రక్తంలో వైరస్‌నూ, ఊపిరితిత్తుల నష్టాన్నీ తగ్గిస్తుంది. మందలో తిరిగే రకం టీకా రకానికి దూరమైనకొద్దీ ఆ మేలూ తరుగుతుంది.

వైరస్ ఎరుగని పందికి నిర్జీవ టీకా ఒక్కటే వేస్తే ఒరిగేది స్వల్పం. ఇదివరకే వైరస్ సోకిన, లేదా సజీవ టీకా పడిన తల్లిపందులకు బూస్టర్‌గా అయితే పనికొస్తుంది. ప్రొటీన్ టీకాలు, డీఎన్ఏ టీకాలు ఇంకా ఈ రెంటికీ పోటీ కాలేదు. ఈ వైరస్ కణంలోకి దూరే ద్వారమైన సీడీ163 ప్రొటీన్ జన్యువును సవరించిన పందులకు 2025లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, కానీ అది టీకా కథ కాదు.

వైరస్ లేని మందలోకి మాత్రం సజీవ టీకా తేవద్దు. వాడే మందలోనూ రెండు రకాల సజీవ టీకాలు కలపవద్దు: 2019లో అలాంటి రెండు టీకా వైరస్‌లు జన్యుభాగాలు మార్చుకొని పుట్టిన కొత్త రకం, డెన్మార్క్‌లోని ఒక మగపందుల కేంద్రం నుంచి వీర్యంతో పాటు ఎన్నో మందలకు చేరింది.