పిక్కకు తోడుగా మేజోడు: కంప్రెషన్ మేజోళ్ళపై దీర్ఘకాల వినియోగ సమీక్ష

కావలిలో బట్టల దుకాణంలో రోజంతా నిలబడి పనిచేసే నాకు ఎడమ పిక్క మీద సిరలు ఉబ్బి మెలికలు తిరగడంతో, సిరల్లో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ పరీక్ష చేయించిన వైద్యుడు మోకాలి కింది వరకు వచ్చే రెండవ తరగతి బిగుతు గల కంప్రెషన్ మేజోళ్ళు, అంటే కాలిని బిగించి పట్టే మేజోళ్ళు, వాడమన్నారు. కొన్నేళ్ళుగా అవే వాడుతున్నాను.

ఇవి కాలికి చేసే మేలు పిక్క కదలిక మీదే ఆధారపడి ఉంటుంది. గుండె నెట్టిన రక్తం సన్నని కేశనాళికలను దాటి సిరల్లోకి వచ్చేసరికి ఆ ఉరవడి చాలావరకు తగ్గిపోతుంది. కదలక నిలుచున్నవారి చీలమండ దగ్గరి సిరలో, పైనున్న రక్తపు బరువు వల్ల, ఒత్తిడి సుమారు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. నడిచినప్పుడు పిక్క కండరాలు బిగుసుకొని లోపలి సిరలను పిండుతాయి. సిరల లోపల చిన్న తలుపుల్లాంటి కవాటాలు గుండె వైపుకే తెరుచుకుంటాయి కనుక రక్తం వెనక్కి రాలేక పైకి సాగి, చివరకు గుండె కుడి కర్ణికను చేరుతుంది. ముంజేతి సిరను వేలితో నొక్కి ఈ ఏకముఖ ప్రవాహాన్ని ఎవరైనా గమనించవచ్చు. 1628లో ఆంగ్ల వైద్యుడు విలియం హార్వే రక్తప్రసరణపై రాసిన తన గ్రంథంలో చూపినది ఇటువంటి పరీక్షే. కవాటాలు సరిగా మూసుకోకపోతే రక్తం కిందికి జారి సిరలు ఉబ్బుతాయి.

మేజోడు చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా పట్టి, సాగిన సిరను ఇరుకు చేసి కవాటపు రెక్కలను దగ్గరికి తెస్తుంది. రెండవ తరగతిలో చీలమండ దగ్గరి ఒత్తిడి 23 నుంచి 32 మిల్లీమీటర్లు. వాడకం మొదలుపెట్టాక సాయంత్రపు బరువు, చీలమండ వాపు బాగా తగ్గాయి. ఉబ్బిన సిరలు మాత్రం అలాగే ఉన్నాయి, అవి పోతాయని ఆశించి కొనడం వృథా. గోదాముకు తిరుగుతూ బట్టల కట్టలు మోసిన రోజున తెలిసే సుఖం, బేరం లేక ఒకేచోట నిలబడిన రోజున తెలియదు. అందుకే ఖాళీ దొరికితే మడమలెత్తి దించుతుంటాను.

పెద్ద లోపం ఎండాకాలం. వేడికి చర్మం కింది సిరలు మరింత వ్యాకోచిస్తాయి కనుక వీటి అవసరం అప్పుడే ఎక్కువ. కానీ రోహిణి కార్తెలో, ఈ సముద్రతీరపు ఉక్కలో, వీటిని మధ్యాహ్నం దాకా భరించడమే గొప్ప.

వాపు రాకముందే, పొద్దున్నే తొడుక్కోవాలి. లోపలి వైపు బయటికి తిప్పి, మడమ దాకా ఎక్కించి, రబ్బరు చేతితొడుగులతో పైకి సవరిస్తే సులువు. పై అంచును మడిస్తే అక్కడ కట్టు బిగించినట్లై రక్తాన్ని అడ్డుతుంది. చేత్తో ఉతికి నీడలో ఆరవేసినా సుమారు ఆరు నెలలకు సాగుడు తగ్గుతుంది. ఆ ఖర్చు ముందే లెక్కలో ఉంచుకోవాలి. చెప్పుల సైజు చూసి కాక చీలమండ, పిక్కల చుట్టుకొలతలు తీయించి కొనాలి. కాలి ధమనుల్లో పూడికలున్నవారు, మధుమేహంతో పాదాలకు స్పర్శ తగ్గినవారు వైద్యుణ్ణి అడగకుండా వీటిని వేసుకోకూడదు.