లోపలి కరెంటు (బ్రాకీథెరపీ): హైదరాబాద్‌లో చేయించుకునేవాళ్లు చూసుకోవాల్సినవి

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు ఐదు వారాలు బయటి కరెంటు (బయటి యంత్రంతో ఇచ్చే రేడియేషన్) పెట్టించుకుని, రక్తస్రావం ఆగింది కదా అని ఊరెళ్లిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. బయటి నుంచి అందేది 45–50 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం). గర్భసంచి లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్ కూడా కలిసి 80–85 గ్రేకి సమానమైతేనే గడ్డ చస్తుంది. మొత్తం చికిత్స 8 వారాల్లో ముగియాలి. అందుకే నాలుగో వారంలోనే లోపలి కరెంటుకు తేదీ రాయించుకోండి.

రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో, బంజారాహిల్స్‌లోని బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ చికిత్స ఉంది. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ముందే కౌంటర్‌లో కనుక్కోండి.

చికిత్స మాత్రం నిక్కచ్చిగా సాగేది. మత్తిచ్చి, మూత్రానికి గొట్టం వేసి, గర్భసంచిలోకి సన్నటి లోహపు గొట్టం, దానికి రెండు పక్కలా గుండ్రటి ముక్కలు అమరుస్తారు. చుట్టూ గాజుగుడ్డ కూరి సీటీ స్కాన్ తీస్తారు. ఎక్కడ ఎంత మోతాదు ఇవ్వాలో ప్లాన్ వేశాక, రేడియేషన్ వెలువరించే బియ్యపుగింజంత ఇరీడియం-192 లోహం తీగ చివరన లోపలికెళ్లి, ఒక్కోచోట కొన్ని సెకన్లు ఆగి వెనక్కొస్తుంది. ఇరీడియం 74 రోజులకోసారి సగం బలం కోల్పోతుంది. పాతదైతే అదే మోతాదుకు ఎక్కువ నిమిషాలు పడతాయంతే, కంగారు పడక్కర్లేదు. సిట్టింగ్‌కు 7 గ్రే చొప్పున నాలుగు, లేదా 9 గ్రే చొప్పున రెండు ఇస్తుంటారు.

తేడా వచ్చేది గుడ్డ కూరడంలోనే. అది వదులైతే మూత్రసంచి, మలద్వారం పైభాగం గొట్టానికి దగ్గరగా జరుగుతాయి. దూరం సగమైతే మోతాదు దాదాపు నాలుగింతలు. నెలల తర్వాత మలంలో రక్తం పడటానికి ఇదొక కారణం. సీటీ తర్వాత పేషెంటును ఎత్తి మరో మంచం మీదికి మార్చినా గొట్టం కదలొచ్చు. కాబట్టి ప్రతి సిట్టింగ్‌కూ కొత్తగా సీటీ తీస్తారా, వెన్నులో మత్తిస్తారా, ఈ రెండూ అడగండి. నొప్పి మాత్రతో సరిపెట్టేచోట మొదటి సిట్టింగ్ బాధకు భయపడి రెండోదానికి రానివాళ్లుంటారు. ఈ సేవకు మార్కులు తగ్గించాలని మాకు అనిపించేది ఇక్కడే.

గొట్టాలు తీశాక ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు. ఆ సాయంత్రమే పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. కొన్నాళ్లు మూత్రంలో మంట ఉంటుంది, నీళ్లు బాగా తాగాలి. యోని మార్గం బిగుసుకుపోకుండా వాడే డైలేటర్ (నున్నటి గొట్టంలాంటి సాధనం) గురించి చాలాచోట్ల ఎవరూ నోరు విప్పరు. డిశ్చార్జి రోజే నర్సమ్మను అడిగి, ఎప్పటి నుంచి, వారానికి ఎన్నిసార్లు వాడాలో కాగితం మీద రాయించుకోండి.